బీడు ఖర్చు ఎవరు పెట్టాలి?

మా ఊరు సత్రపట్టి, బ్యాండేజీ గుడ్డ నేసే ఊరు. ఊరి బయట మాకు ఒక ఎకరం మెట్ట నేల ఉంది. ఇప్పుడు అందులో గడ్డి తప్ప ఏమీ లేదు. దాన్ని ప్లాట్లకి ఇచ్చేద్దామని నాన్న తమిళంలో అన్నారు. "తరిసు నేల, దానివల్ల ఏం వస్తుంది?" అని ఆయన ప్రశ్న. అవ్వ తెలుగులో జవాబు చెప్పింది: "అది తరిసు కాదయ్యా, మేత."

ఇద్దరిలో ఎవరిది సరి అని చదవడం మొదలుపెట్టాను.

మన దేశంలో గడ్డి నేలలకి పేరు దగ్గరే అన్యాయం మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం వేసే బంజరు భూముల అట్లాసులో గడ్డి, పొదలు ఉన్న నేలలు కూడా చాలా చేరతాయి. బంజరు అని రాశాక, ఏం కట్టాలన్నా ముందు చూపు దానిమీదే పడుతుంది.

కాపాడదామని కంచె వేస్తే చాలా? నంద్యాల జిల్లా రోళ్ళపాడు కథ చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్ల గడ్డి నేలని అభయారణ్యం చేశారు. ఈ పిట్ట మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేలమీదే. కంచె లోపల గడ్డి బాగా పెరిగింది, కృష్ణజింకలూ పెరిగాయి. అవి బయటికొచ్చి పంటలు తినేవి. అటు మేతా పోయి, ఇటు పంటా పోతే ఊరివాళ్లకి పిట్టమీద ప్రేమ ఎలా ఉంటుంది? దానికితోడు చుట్టూ సాగునీళ్లు వచ్చి పంటలు మారాయి. పిట్టలు తగ్గుతూ వచ్చి ఇప్పుడు కనపడటమే అరుదైంది. కంచెకి డబ్బు పెట్టారు గానీ, కంచె పక్కన బతికేవాళ్ల నష్టానికి సరిపడా పెట్టలేదు అని నాకు అర్థమైంది.

అలాగని గడ్డిని ఊరికే వదిలేసినా నిలవదు. మనం సీమకరువేలం అంటామే, ఆ సర్కారు తుమ్మ కమ్మేస్తుంది. దాన్ని వేళ్లతో తీయాలంటే కూలీ కావాలి. మరీ ఎక్కువ మేపినా గడ్డి చస్తుంది. కాంగేయం వైపు కొరంగాడు అనే సొంత మేత నేలలు ఉన్నాయి. ముళ్ల కిళువ చెట్లతో కంచె పెంచి, ఒక మడిలో మేపుతూ ఇంకో మడికి విరామం ఇస్తారు. పశువూ బతుకుతుంది, గడ్డీ బతుకుతుంది.

అమెరికాలో 1985 నుంచి ఒక పథకం ఉంది. రైతు 10 నుంచి 15 ఏళ్లు దున్నకుండా నేలని కాపాడితే ప్రభుత్వం ఏటా కౌలు కడుతుంది. 2014 చట్టం తర్వాత పశువుల్ని మేపుకుంటూనే గడ్డి నేలని కాపాడేవాళ్లకీ ఇందులో చోటు దొరికింది.

మనకి ఇలాంటి ఆలోచన కొత్త కాదు. కోత అయ్యాక పొలంలో గొర్రెల మంద కట్టిస్తాం కదా, తమిళంలో కిడై అంటాం. రాత్రి పడే ఎరువుకి మందాయనకి డబ్బో ధాన్యమో ఇస్తాం. కానీ ఆ గొర్రెలు పగలు ఎక్కడ మేస్తాయి? ఆ మేత నేలకి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. అది పోతే మందా రాదు, ఎరువూ రాదు.

ఇదంతా నాన్నకి చెప్పాను. "సరే, ప్లాటు ధరకి గడ్డి తూగుతుందా?" అన్నారు. తూగదు. ఆ తేడాని ఒక్క రైతు నెత్తిన వేస్తే ఏ గడ్డి నేలా మిగలదు. ఎరువు వాడే రైతు కొంత, పిట్ట కావాలనే ప్రభుత్వం కొంత కట్టాలి. 2026ని ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. అడగడానికి ఇదే సమయం.

నాన్న ఇంకా అడ్వాన్సు తీసుకోలేదు. మీ ఊళ్లో మేత పోరంబోకు ఎక్కడుందో, ఇప్పుడు అక్కడ ఏముందో మీ అవ్వనో తాతనో అడిగి, ఈ కాగితం కింద రాయండి.