దానియేలు భోజనమును మన పశువుల పాకయు

పాఠ్యభాగము: దానియేలు 1:8–16, రోమా 14:1–4

బబులోను రాజు భోజనమును విడిచి, దానియేలును అతని ముగ్గురు స్నేహితులును పది దినములు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగిన సంగతి మనమెరుగుదుము. వారు తమ్మును అపవిత్రపరచుకొనకుండుటకే అట్లు చేసిరి గాని గాలి కొరకు కాదు. అయినను ఆ భోజనము నేడు మనకు మరియొక సంగతిని తలపునకు తెచ్చుచున్నది.

ఆవు, గేదె, మేక, గొఱ్ఱె మేసిన మేత కడుపులో పులియునప్పుడు మీథేను అను వాయువు పుట్టి, విశేషముగా త్రేనుపులద్వారా బయటికి వచ్చును. నూరు సంవత్సరముల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడిచేయును. 2019 పశుగణనలో మన దేశమున ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైగాను, గేదెలు సుమారు 11 కోట్లును లెక్కకు వచ్చెను. ఇక పాకలో పేడయు మూత్రమును కలిసినచోట కన్నులు మండునట్లు ఘాటుగా లేచునది అమ్మోనియా. అది బొగ్గు పొగలోను లారీల పొగలోను ఉండు ఆమ్లవాయువులతో కలిసి, సన్నని ధూళియై ఊపిరితిత్తుల లోతునకు పోవును. ముద్దనూరు దగ్గర కలమల్లలో బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రము, ఎఱ్ఱగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నవి గనుక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వారికి ఇది దూరపు సంగతి కాదు.

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. మన సంఘములలో అనేకులు తాము తిను మాంసమునుబట్టియే తరతరములుగా చులకన చేయబడినవారు. ఈ పాఠము ఆ చులకనకు తోడు పోరాదు. భోజన విషయములో సహోదరునికి తీర్పరులము కారాదనియే పౌలు రోమా సంఘమునకు బోధించెను. రెండు మేకలను పెంచి బిడ్డలను చదివించుకొను విధవరాలిమీద ఈ భారము మోపుట న్యాయము కాదు. దినదినము విస్తారముగా మాంసము తిను ధనిక దేశములే ముందు తగ్గించుకొనవలెను.

మనము చేయదగినదియు కొంత కలదు. జమ్మలమడుగు నల్లరేగడిలో పండు శనగలు, మన కందులు, అలసందలు వేళ్ల బుడిపెలలో గాలిలోని నత్రజనిని పట్టుకొనును గనుక యూరియా అంతగా అక్కరలేదు; చల్లిన యూరియానుండియు అమ్మోనియా లేచును గదా! జొన్నరొట్టె, రాగిసంగటి, పప్పు, ఆకుకూర, గుప్పెడు వేరుశనగలు గల భోజనము బలహీనమైనది కాదు. చిన్నబిడ్డలకును గర్భిణీ స్త్రీలకును మాత్రము పాలు, గ్రుడ్డు మాన్పింపవద్దు. క్రిస్మసు విందులో మాంసపు కూర ఉండనిండు, దాని ప్రక్కన పప్పు గుండిగ ఇంకను పెద్దదిగా ఉండవలెనని మా అభిప్రాయము.

పేడను గోబర్ గ్యాసు తొట్టిలో వేసినయెడల ఆ మీథేను పొయ్యిలోనే మండును, పిడకల పొగ మన స్త్రీల కన్నులను విడుచును. తొట్టి కట్టుకొనలేనివారు పాకను ప్రతిదినము ఊడ్చి, మూత్రము నిలువకుండ కాలువ తీసి, పేడదిబ్బను మట్టితో కప్పవచ్చును.