వెనుక వరుస చదువు: 1962 జకార్తా ఫైనల్ నుంచి ఒక పాఠం



మన పోచంపల్లి, కృష్ణగిరి, హోసూరు వైపు ఏ కాలేజీకైనా పక్క కాలేజీతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే వారం ముందు నుంచే ఒకటే మాట: ఈసారి గోలు ఎవరు కొడతారు? మనకు గోలు పడకుండా ఎవరు చూస్తారని అడిగేవారు తక్కువ. ఆ అడగని ప్రశ్నే ఈ సంచికలో మన పాఠం. ఒకసారి మనల్ని ఓడించిన జట్టే మళ్ళీ ఎదురైతే వెనుక వరుస, అంటే డిఫెన్స్, ఎలా సిద్ధం కావాలి? ఆటలంటే చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులు కూడా దయచేసి ఓపికగా చదవగలరు. ఇందులో పదవ తరగతి లెక్క ఒకటి, కామర్సు పాఠం ఒకటి ఉన్నాయి.

ముందుగా ఒక ఉపాధ్యాయుని గురించి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడి జట్టుకు ఆడారు, తరువాత బడిలో పాఠాలు చెప్పారు. ఆయన శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే కనుక పిల్లలు చాలామంది పేరు వినే ఉంటారు. సినిమాలో పాటలకు, పోట్లాటలకు చోటు ఎక్కువ. వెనుక వరుస ఎలా నిలబడిందో చెప్పడానికి తీరిక తక్కువ. అది సినిమావారి తప్పు కాదనుకోండి.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. ఓటమికి అదొక్కటే కారణమని ఇప్పటికీ కొందరు చెబుతారు. నా దృష్టిలో బూట్లు సగం కథే. మిగతా సగం అర్థం కావాలంటే ఆఫ్‌సైడ్ నిబంధన తెలియాలి.

1925కు ముందు, సహచరుడు బంతిని తనవైపు ఆడిన క్షణానికి ఫార్వర్డ్‌కూ ప్రత్యర్థి గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువారు ముగ్గురైనా ఉండాలి. లేకుంటే ఆఫ్‌సైడ్. అందువల్ల ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు చాలేవారు. ఒకరు ముందుకు జరిగితే ఫార్వర్డ్ చిక్కుకునేవాడు, రెండో అతను వెనుక కాపలా ఉండేవాడు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. వెంటనే గోళ్ళు కుప్పలుగా పడ్డాయి. అప్పుడు ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కు దించి మూడో బ్యాక్‌గా నిలబెట్టాడు. ప్రపంచం మెల్లగా ఆ దారి పట్టింది. మనం మాత్రం ఇద్దరు బ్యాక్‌లతోనే హెల్సింకీ దాకా వెళ్ళాం. చట్టం మారి పాతికేళ్ళు దాటినా పాత లెడ్జరులోనే పద్దులు రాసినట్టు!

ఆ ఓటమి తరువాత రహీం గారు ముగ్గురు బ్యాక్‌ల పద్ధతికి మారారు. నాలుగేళ్ళకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. హెల్సింకీకి వెళ్ళిన హైదరాబాదు ఆటగాళ్ళు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ మెల్‌బోర్న్‌కూ వెళ్ళారు. అంటే మనుషులు పూర్తిగా మారిపోలేదు, నిలబడే తీరు మారింది.

ఇక జకార్తాకు వద్దాం. 1962 ఆసియా క్రీడల్లో మన మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో. ఆ జట్టు 1956లో, 1960లో ఆసియా కప్ గెలిచినది. మనం 2-0తో ఓడాం. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనల్‌కు వస్తే, ఎదురుగా మళ్ళీ అదే కొరియా. తేదీ సెప్టెంబరు 4. మొదటి ఓటమికీ దీనికీ మధ్య పట్టుమని పది రోజులు.

ఈలోగా చిక్కులు వచ్చాయి. మన డిఫెన్స్‌కు మూలస్తంభం పంజాబుకు చెందిన జర్నైల్ సింగ్. థాయ్‌లాండ్‌తో ఆడుతూ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని ఇంటికి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు వరుసలో పెట్టారు. సెమీఫైనల్లో అతను గోలు కూడా కొట్టాడు. ముందు వరుస బాగుపడింది సరే, వెనుక మధ్య చోటు ఖాళీ అయింది కదా! ఆ బాధ్యత అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. అతనికి ఒకవైపు కేరళకు చెందిన చంద్రశేఖర్, మరోవైపు త్రిలోక్ సింగ్. వారికి ముందు ప్రశాంత సిన్హా, గోవాకు చెందిన ఫ్రాంకో. గోలు దగ్గర అంతకుముందు ప్రద్యుత్ బర్మన్ ఉండగా, జ్వరం నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు తీసుకున్నారు. కొరియావారు ఎత్తుగా బంతులు వేస్తారు, తంగరాజ్ ఆరడుగులు దాటిన మనిషి. మొదటి మ్యాచ్ పేరున్న ఆ పాత పద్దును చూసి చేసిన మార్పు అది.

ఇక్కడ చిన్న మాట. తంగరాజ్ పేరు తమిళం, పుట్టింది హైదరాబాదులో. ఆ ఫైనల్ ఆడిన తులసీదాస్ బలరాం కూడా సికింద్రాబాదు అమ్ముగూడలో స్థిరపడిన తమిళ కుటుంబం బిడ్డే. తమిళనాట ఉండి తెలుగు మాట్లాడే మనకు ఇది తిరగేసిన అద్దంలా ఉంటుంది.

స్టేడియంలో దాదాపు లక్షమంది, వారిలో ఎక్కువమంది మనకు వ్యతిరేకులు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను క్రీడలకు రానివ్వలేదు. దాన్ని మన దేశానికి చెందిన ఒలింపిక్ సంఘ సభ్యుడు జి.డి. సోంధీ తప్పుపట్టారు. ఆ కోపం మన ఆటగాళ్ళ మీద పడింది. ఆ గోలలో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్ళు కొట్టారు. పత్రికలు అక్కడితో కథ ముగిస్తాయి. నాకు ఆసక్తి అక్కడే మొదలవుతుంది. ఇంకా 70 నిమిషాలు మిగిలి ఉన్నాయి! చంద్రశేఖర్, అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్, వెనుక తంగరాజ్, ముందు సిన్హా, ఫ్రాంకో. వీరిని దాటి కొరియా గోలు కొట్టింది 85వ నిమిషంలో, అదీ ఒక్కటే. 2-1తో స్వర్ణం మనదైంది. రహీం గారు తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

గోళ్ళు కొట్టినవారి పేర్లు క్విజ్ పుస్తకాల్లో ఉంటాయి. ఫ్రాంకో ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. బ్యాంకులో సాయంత్రం నగదు పైసలతో సహా సరిపోతే క్లర్కును ఎవరూ మెచ్చుకోరు, రూపాయి తగ్గితే మాత్రం అందరూ వచ్చి నిలబడతారు. డిఫెండరు ఉద్యోగం సరిగ్గా అలాంటిదే. అన్నట్టు, ఆ చంద్రశేఖర్ తరువాత స్టేట్ బ్యాంకు ఉద్యోగి అయ్యాడు.

ఇప్పుడు పనితీరు చూద్దాం. బంతి ఉన్న ఫార్వర్డ్‌కు మన మొదటి డిఫెండరు ఎదురు వెళతాడు. వెంటనే కాలు వేసి బంతి లాక్కోవడం అతని పని కాదు. అతన్ని ఆలస్యం చేయాలి, నేరుగా గోలువైపు పోనివ్వకుండా పక్క గీత వైపు నెట్టాలి. ఆ గీత జీతం అడగని డిఫెండరు, దాన్ని దాటి ఎవరూ పోలేరు. రెండో డిఫెండరు కొన్ని అడుగులు వెనుక, కొంచెం ఏటవాలుగా నిలబడతాడు. మొదటివాడిని దాటి బంతి వస్తే అందుకోవడానికే అతను ఉన్నాడు. మూడోవాడు దూరంగా ఉన్న తన ఫార్వర్డ్‌ను ఒక కంట చూస్తూనే మధ్యకు జరుగుతాడు. బంతి అవతలి పక్కకు మారిందా, ముగ్గురి పనులూ మారిపోతాయి: మూడోవాడు మొదటివాడు అవుతాడు.

కామర్సు విద్యార్థులకు ఇది కొత్త కాదు. మీ పుస్తకంలో దీన్ని ఇంటర్నల్ చెక్ అంటారు. వోచరు రాసేవాడు ఒకడు, దాన్ని సరిచూసి పాస్ చేసేవాడు ఇంకొకడు. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండు చేతులు. మొదటివాడు దొంగ అని కాదు, మనిషి అని. పొరపాటు జరిగే తీరుతుందని ముందే ఒప్పుకుని, జరిగినప్పుడు వెనుక ఎవరుండాలో రాసి పెట్టుకోవడమే పద్ధతి. మంచి డిఫెన్స్‌లో ఎవరూ ఓడిపోరని కాదు, ఒకడు ఓడిన చోట ఇంకొకడు అప్పటికే నిలబడి ఉంటాడు.

గోల్‌కీపరు సంగతి లెక్కతో చూద్దాం. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఎదుటివాడు సరిగ్గా మధ్యలో, గోలు గీతకు 54 అడుగుల దూరంలో బంతితో ఉన్నాడనుకోండి. కీపరు గీత మీదే ఉంటే 24 అడుగులూ కాయాలి. బంతి నుంచి రెండు గోలుస్తంభాలకూ గీతలు గీయండి, త్రిభుజం వస్తుంది. కీపరు 18 అడుగులు ముందుకు వస్తే, సరూప త్రిభుజాల నియమం ప్రకారం, కాయవలసినది 16 అడుగులే. 27 అడుగులు వస్తే 12. 36 అడుగులు వస్తే 8, అంటే చేతులు చాచి ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు. మరి ఎప్పుడూ ముందుకే రావచ్చు కదా అంటారా? వస్తే ఎదుటివాడు బంతిని తల మీదుగా లేపి వేస్తాడు, లేదా పక్కవాడికి అందిస్తాడు. అందుకే కీపరు ముందుకు కదిలిన క్షణంలో ఒక డిఫెండరు పరుగున అతని వెనుకకు, గోలు గీత వైపుకు పోవాలి. ఇది మ్యాచ్ రోజున తోచే విషయం కాదు, వారం ముందు నుంచి వంద సార్లు చేసి ఉండాలి.

పాత ప్రత్యర్థితో ఆటకు ముందు ఆ వారంలో ఏం చేయాలి? ముందు వాళ్ళ ఆట ఒకటి కూర్చుని చూడండి, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. వాళ్ళ కుడి పక్క ఫార్వర్డ్ ఏ కాలితో కొడతాడు, కార్నర్ కిక్ ఎవరు తీస్తారు, బంతిని ఎత్తుగా వేస్తారా నేల మీదా? రాసుకున్నది మీ రిజర్వు ఆటగాళ్ళకు ఇచ్చి, వాళ్ళచేత ప్రత్యర్థి వేషం కట్టించండి. బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఆ వారం నిజమైన పని దొరుకుతుంది. వాళ్ళు బాగా ఆడితేనే మీ డిఫెన్స్ బాగుపడుతుంది. రహీం గారు హైదరాబాదులో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించేవారు. లోపం ఉన్న చోటే సాధన చేయించే పద్ధతి అది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఒక్క జట్టులోనే తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉంటారు. ‘పో’ అంటే తెలుగువాడికీ తమిళుడికీ ఒకటే. ‘రా’ అంటే మనకు తెలుసు, తమిళుడికి ‘వా’ కావాలి, కన్నడిగుడికి ‘బా’. బంతి గాలిలో ఉన్నప్పుడు నిఘంటువు వెతకలేం. నాలుగే మాటలు, ఏ భాషవైనా సరే, ముందే ఒప్పుకోండి: నాది, వదులు, ముందుకు, వెనక్కు. అరిచేది మైదానమంతా కనబడే కీపరు ఒక్కడే కావాలి. ప్రేక్షకుల గోలలో మాట వినబడకపోతే చేతి సైగలూ ఉండాలి.

పంతం ఉన్న మ్యాచ్‌లో డిఫెన్స్‌కు అసలు శత్రువు కోపం. పెనాల్టీ ఏరియా లోపల ఒక్కసారి విసురుగా కాలు వేస్తే 12 గజాల నుంచి పెనాల్టీ, అరవై నిమిషాల శ్రమ పోతుంది. ఎవరికి త్వరగా కోపం వస్తుందో జట్టులో అందరికీ తెలుసు. అతన్ని శాంతపరచే పని పక్కవాడికి ముందే అప్పగించండి. తల్లిదండ్రులకు నా మనవి కూడా ఇక్కడే: గట్టు మీద నిలబడి ‘కొట్టరా వాణ్ణి’ అని అరవకండి. పిల్లలు వింటారు.

అభ్యాసం: గళ్ళ కాగితం మీద గడికి 6 అడుగుల చొప్పున గోలు గీయండి. బంతిని మధ్యలో 72 అడుగుల దూరంలో ఉంచండి. కీపరు 24 అడుగులు ముందుకు వస్తే ఎంత వెడల్పు కాయాలో కొలిచి, లెక్కతో సరిచూడండి (16 అడుగులు రావాలి). తరువాత బంతిని పెనాల్టీ ఏరియా మూలకు జరిపి మళ్ళీ గీయండి. ఈసారి కీపరు ఎక్కడ నిలబడాలో, అతని వెనుకకు పరుగెత్తవలసిన డిఫెండరు మీ జట్టులో ఎవరో పేరు రాయండి.