బాకీ ఉంచని ఇంటికి కార్డు వడ్డీ రేటుతో పనేమిటి?



కొత్త క్రెడిట్ కార్డు గురించి మాట వచ్చినప్పుడల్లా మాకు తరచూ వినిపించే మాట ఒకటుంది. "వడ్డీ రేటు ఎంతైతే ఏముందండీ, మేము ప్రతి నెలా మొత్తం కట్టేస్తాం కదా!" ఇది నిజమే, కానీ ఒక షరతు మీద నిలబడిన నిజం. ఆ షరతు ఏమిటి, అది ఎక్కడెక్కడ తప్పుతుంది, తప్పితే ఎంత పడుతుంది అన్నవి ఈ పాఠంలో చూద్దాం. మేము సాఫ్ట్‌వేర్ పని చేసుకునే వాలంటీర్లమే గాని ఆర్థిక సలహాదారులం కాము. ఇక్కడి లెక్కలన్నీ మీరు కూడా కాగితం మీద వేసి చూసుకోగలిగినవే. మీ కార్డు విషయంలో మాత్రం మీ కార్డు ఒప్పందంలో రాసిందే చివరి మాట.

ముందు రేటును మన భాషలో చూద్దాం

ఇక్కడ కార్డు వడ్డీని సంవత్సరానికి ఇంత శాతం అని చెబుతారు. దాన్నే ఏపీఆర్ అంటారు. మన ఊళ్ళలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటాం. ఏపీఆర్‌ను 12తో భాగిస్తే మన లెక్క వస్తుంది. 18 శాతం అంటే రూపాయిన్నర వడ్డీ. 24 శాతం అంటే రెండు రూపాయల వడ్డీ. 30 శాతం అంటే రెండున్నర. ఊళ్ళో ఎవరైనా రెండున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనేవారో మీకు తెలుసు. పైగా చాలా కార్డుల్లో ఇది రోజువారీ చక్రవడ్డీ. 24 శాతం రేటుతో ఏడాది పొడుగునా బాకీ అలాగే ఉంటే నిజానికి పడేది 27 శాతం పైనే.

ఈ రేటు స్థిరంగా కూడా ఉండదు. దాదాపు అన్ని కార్డుల రేటూ ప్రైమ్ రేటుకు కొంత కలిపి నిర్ణయిస్తారు. 2022 మార్చి మొదట్లో ప్రైమ్ రేటు 3.25 శాతం. 2023 జులై చివరికి అది 8.50 శాతానికి చేరింది. ప్రైమ్‌కు 15 కలిపే కార్డు ఉన్నవారికి, వాళ్ళు ఏ తప్పూ చేయకుండానే, రేటు 18.25 నుంచి 23.50కి పెరిగింది. ఇలా ప్రైమ్‌తో పాటు పెరిగేదానికి బ్యాంకు ముందుగా ఉత్తరం రాయాల్సిన పని కూడా లేదు.

మొత్తం కట్టేవారికి వడ్డీ ఎందుకు పడదు?

దానికి కారణం గ్రేస్ పీరియడ్. మీ బిల్లు మార్చి 1 నుంచి 31 వరకు అనుకుందాం, కట్టాల్సిన గడువు ఏప్రిల్ 25. మార్చి 2న కొన్న బియ్యం బస్తాకు మీకు 54 రోజులు వడ్డీ లేని అప్పు దొరికినట్టు. మార్చి 30న కొన్నదానికి 26 రోజులు. ఏప్రిల్ 25 లోపు స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ మొత్తం కట్టేస్తే, రేటు 18 అయినా 30 అయినా కొనుగోళ్ళ మీద పడే వడ్డీ సున్నా.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. గ్రేస్ పీరియడ్ ఇచ్చి తీరాలని చట్టం ఎక్కడా చెప్పదు. కార్డు కంపెనీ ఇస్తే గనక, బిల్లు గడువుకు కనీసం 21 రోజుల ముందు పంపాలని మాత్రమే 2009లో వచ్చిన కార్డ్ యాక్ట్ చెబుతుంది. అంటే గ్రేస్ పీరియడ్ మనకు ఒప్పందం ఇచ్చిన సౌకర్యం. "మొత్తం, గడువులోపు" అన్న రెండు మాటలే దాని షరతు. ఈ రెండింటిలో ఏది తప్పినా ఆ సౌకర్యం పోతుంది, వడ్డీ రేటు అమలులోకి వస్తుంది.

ఒక్కసారి తప్పితే ఎంత?

నెలకు 3,000 డాలర్లు కార్డు మీద ఖర్చు పెట్టే ఇల్లు అనుకుందాం. రేటు 24 శాతం. ఎప్పుడూ మొత్తం కట్టేవాళ్ళే. బ్యాంకు ఖాతా మార్చారు, పాత ఖాతా నుంచి ఆటోపే వెళ్ళలేదు, ఏప్రిల్ 25 గడువు దాటిపోయింది. తర్వాతి స్టేట్‌మెంట్ వచ్చాక చూసుకుని మే 25న మొత్తం కట్టేశారు.

ఏప్రిల్ నెలలో: పాత 3,000 మీద నెలంతా వడ్డీ నడుస్తుంది. గ్రేస్ పోయింది కాబట్టి ఏప్రిల్ కొనుగోళ్ళ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నెలంతా సమంగా ఖర్చు పెట్టారనుకుంటే వాటి సగటు 1,500. మొత్తం సగటు బాకీ 4,500. దాని మీద 30 రోజుల వడ్డీ దాదాపు 89 డాలర్లు.

మే నెలలో: 6,089 డాలర్ల బాకీ మే 1 నుంచి 24 వరకు ఉంది. దాని వడ్డీ దాదాపు 96 డాలర్లు. ఇది స్టేట్‌మెంట్‌లో చూసి మొత్తం కట్టేశాక, ఆ పై నెల బిల్లులో కనిపిస్తుంది. "అంతా కట్టేశాం కదా, మళ్ళీ వడ్డీ ఏమిటి" అని చాలామంది కంగారు పడేది దీన్ని చూసే. స్టేట్‌మెంట్ వచ్చిన రోజుకూ మనం కట్టిన రోజుకూ మధ్య నడిచిన వడ్డీ అది.

రెండూ కలిపి 185 డాలర్లు. లేట్ ఫీ, మే నెల కొత్త కొనుగోళ్ళ వడ్డీ ఇందులో కలపలేదు. నూటికి రెండు డాలర్లు వెనక్కి ఇచ్చే కార్డైతే, ఈ ఇంటికి నెలకు వచ్చే క్యాష్‌బ్యాక్ 60 డాలర్లు. ఒక్క పొరపాటుకు మూడు నెలల క్యాష్‌బ్యాక్ పోయింది.

ఇదే పొరపాటు 18 శాతం కార్డు మీద జరిగితే 138 డాలర్లు పడేది. తేడా 47 డాలర్లు. అంటే ఒకటి రెండు నెలల పొరపాటులో రేటు ఎంత అన్నదాని కంటే, ఎన్నాళ్ళకు చూసుకున్నాం అన్నదే ముఖ్యం. బిల్లు 30 రోజులకు పైగా ఆలస్యమైతే క్రెడిట్ రిపోర్టుకు కూడా ఎక్కవచ్చు. 60 రోజులు దాటితే ఉన్న బాకీ మీద కూడా రేటు పెంచడానికి చట్టం ఒప్పుకుంటుంది. అలా పెంచాక ఆరు నెలలు వరుసగా గడువులో కడితే, ఆ బాకీ మీద తిరిగి పాత రేటుకు తేవాలి.

మరి పది డాలర్లు తక్కువ కడితే? 3,000కి 2,990 కట్టారనుకోండి. కట్టిన 2,990 మీద వడ్డీ వేయడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కానీ చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్ళకు గ్రేస్ పోతుంది. పై లెక్క ప్రకారం ఆ నెల కొత్త కొనుగోళ్ళ మీదే దాదాపు 30 డాలర్ల వడ్డీ. పది డాలర్ల లోటుకు ముప్పై డాలర్లు!

మొత్తం కట్టేవారికి కూడా వడ్డీ పడే చోట్లు

ఒకటి, క్యాష్ అడ్వాన్స్. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే గ్రేస్ అన్నది ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, అదీ మామూలుగా ఎక్కువ రేటుతో, పైన ఫీజు. ఇండియాకు డబ్బు పంపే యాప్‌లో క్రెడిట్ కార్డు పెట్టినా కొన్ని బ్యాంకులు దాన్ని క్యాష్ అడ్వాన్స్‌గానే లెక్కిస్తాయి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచి గాని, డెబిట్ కార్డుతో గాని పంపండి.

రెండు, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. వేరే కార్డు బాకీని సున్నా శాతానికి ఈ కార్డుకు మార్చుకున్నాక, ఇదే కార్డుతో కిరాణా కొంటే చాలా కార్డుల్లో ఆ కిరాణాకు గ్రేస్ ఉండదు. మార్చుకున్న బాకీతో సహా మొత్తం కడితేనే ఉంటుంది. అందుకని బాకీ మార్చుకున్న కార్డును తీరేదాకా సొరుగులో పెట్టేయడం మేలు.

మూడు, ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ షాపుల కార్డులు. "12 నెలల్లో మొత్తం కడితే వడ్డీ లేదు" అని రాసి ఉంటుంది. అందులో "కడితే" అన్న మాట దగ్గర ఆగండి. గడువు నాటికి ఒక్క డాలరు మిగిలినా, సోఫా కొన్న మొదటి రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. మామూలు సున్నా శాతం కార్డులో అయితే గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే వడ్డీ. రెండింటికీ పేర్లు ఒకలాగే వినిపిస్తాయి, జాగ్రత్త.

అసలు రేటుతో పనిపడే రోజు

పైవన్నీ జాగ్రత్తతో తప్పించుకోగలిగినవే. మనం "ఎప్పుడూ బాకీ ఉంచం" అనేది జీతం నెలనెలా వస్తున్నప్పటి మాట. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే. ఆ రోజుల్లో అద్దె, లాయరు ఫీజు, టికెట్లు అన్నీ ఒకేసారి వస్తాయి. ఊళ్ళో నాన్నగారికి బాగోలేదని ఫోను వస్తే, ఆ రాత్రి నలుగురికీ టికెట్లు కొనేటప్పుడు ధర చూసుకోము. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మగారిని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వస్తే బిల్లు ఎంతవుతుందో చెప్పలేము.

అలాంటి రోజు 6,000 డాలర్లు కార్డు మీద పడి, ఏడాదిలో సమాన వాయిదాల్లో తీర్చారనుకుందాం. 24 శాతం కార్డైతే వడ్డీ 808 డాలర్లు. 18 శాతం అయితే 601. 12 శాతం అయితే 397. ఇక్కడ రేటు నిజంగా లెక్కకు వస్తుంది. సరిగ్గా ఆ రోజే కొత్త కార్డుకు దరఖాస్తు పెడదామంటే చేతిలో జీతం ఉండకపోవచ్చు. తక్కువ వడ్డీ కార్డు అవసరం లేని రోజునే తీసుకోవాలి.

అందుకు చూడదగిన చోటు క్రెడిట్ యూనియన్. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు ఇచ్చే అప్పులకు 1987 నుంచి 18 శాతం పరిమితి ఉంది. అంటే రూపాయిన్నర వడ్డీ. రాష్ట్ర చార్టర్ ఉన్న క్రెడిట్ యూనియన్లకు ఈ పరిమితి ఇలాగే ఉంటుందని అనుకోకండి, అడిగి తెలుసుకోండి. వార్షిక ఫీజు లేని కార్డు ఒకటి తీసుకుని, రెండు మూడు నెలలకోసారి చిన్న ఖర్చు పెట్టి కట్టేస్తూ ఉంటే అది బతికి ఉంటుంది. మూడు నాలుగు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉండటం దీనికంటే మంచిదని వేరే చెప్పనక్కర లేదు. కార్డు దాని తర్వాతి ఆసరా.

అయితే ఏ కార్డుకు ఏది చూడాలి?

రోజువారీ కార్డుకు, మొత్తం కట్టేవారైతే, వడ్డీ రేటును చివరకు నెట్టేయవచ్చు. వార్షిక ఫీజు, క్యాష్‌బ్యాక్, విదేశీ లావాదేవీ ఫీజు ముందు చూడండి. ఈ చివరిది మన ఇళ్ళకు ముఖ్యం. 3 శాతం ఫీజు ఉన్న కార్డుతో ఇండియాలో 4,000 డాలర్ల పెళ్ళి బట్టలు, నగలు కొంటే, మొత్తం కట్టేసినా 120 డాలర్లు పోయినట్టే. ఆ ఫీజు లేని కార్డులు చాలా ఉన్నాయి. ఆపద కార్డుకు మాత్రం పాయింట్లు వదిలేసి వడ్డీ రేటే చూడండి.

ఈ వారాంతంలో చేయాల్సిన పనులు

1. ప్రతి కార్డు ఆటోపే తెరిచి చూడండి. "మినిమమ్ పేమెంట్" అని ఉంటే "స్టేట్‌మెంట్ బ్యాలెన్స్"కు మార్చండి. మినిమమ్ కడితే లేట్ ఫీ తప్పుతుంది, వడ్డీ తప్పదు.

2. ఆటోపే ఏ బ్యాంకు ఖాతా నుంచి వెళ్తుందో, గడువు నాటికి అందులో డబ్బు ఉంటుందో లేదో చూసుకోండి.

3. ఆటోపే ఉన్నా నెలకోసారి స్టేట్‌మెంట్ చదవండి. "ఇంటరెస్ట్ చార్జ్డ్" అన్న చోట సున్నా ఉందా లేదా చూడండి. సున్నా కాకపోతే ఆ రోజే కార్డు వెనకనున్న నంబరుకు ఫోను చేయండి. ఇన్నాళ్ళూ గడువులో కట్టినవారు అడిగితే మొదటిసారి ఫీజును, కొన్నిసార్లు వడ్డీని కూడా తీసేయడం కద్దు. అడగడంలో తప్పు లేదు.

4. చాలా ఇళ్ళలో బిల్లుల సంగతి ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఆసుపత్రిలోనో ఇండియాలోనో ఉంటే? ఏ కార్డులు ఉన్నాయి, ఏ తేదీన కట్టాలి అన్న జాబితా భార్యాభర్తలిద్దరి దగ్గరా ఉండాలి.

5. కాలేజీకి వెళ్తున్న పిల్లలకు ఈ పాఠం చెప్పండి. 21 ఏళ్ళ లోపు వారికి కార్డు ఇవ్వాలంటే సొంత ఆదాయం గాని, హామీగా పెద్దవారి సంతకం గాని ఉండాలని చట్టం. మీరు సంతకం పెడితే వాళ్ళ బాకీ మీ బాకీయే.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. గడువులోపు మొత్తం కట్టినన్నాళ్ళూ వడ్డీ రేటుతో మనకు పని లేదు. ఆ "కట్టినన్నాళ్ళూ" ఎప్పుడు ఆగుతుందో ముందు చెప్పలేం గనక, ఇంట్లో ఒక్క కార్డునైనా రేటు చూసి తీసుకుందాం. ఈ పాఠంలో ఏదైనా అర్థం కాకపోతే ఆదివారాల్లో వాలంటీర్లను అడగండి. మీ స్టేట్‌మెంట్ తెచ్చుకుంటే, కార్డు నంబరు కనబడకుండా మడిచి, లెక్క కలిసి చూద్దాం.