తెర మీద ‘స్త్రీ’ ఎలా కుదురుకుంటుంది?

‘స్త్రీ’ అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయని అడిగితే ఒకటే అంటారు. సరైన జవాబే. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూనికోడ్‌లో వీటికి తలా ఒక సంఖ్య ఉంది. తెలుగుకు కేటాయించిన గడులు 128. వాటిలో వత్తులకు విడిగా చోటు లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా చూపాలన్నదే నియమం. హిందీ సంయుక్తాక్షరాలకూ ఇదే పద్ధతి కనుక, ముందు హిందీ నేర్చుకుని మా తరగతికి వచ్చినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

మరి ఆరు సంఖ్యలు ఒక్క అక్షరంగా ఎలా కనిపిస్తాయి? ఫాంట్‌ను బొమ్మల పెట్టె అనుకోండి. అందులో ‘సీ’, త వత్తు, క్రావడి వేరువేరుగా ఉంటాయి. ఏ వరుసకు ఏ బొమ్మ వాడాలో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. ఆ పట్టిక చదివి బొమ్మలు పేర్చే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. గుడి దీర్ఘాన్ని మనం చివర టైపు చేస్తాం; అది వెళ్ళి కూర్చునేది మొదటి ‘స’ తల మీద!

ఈ పేర్పు జరగకపోతే ‘స్‌త్‌రీ’ అని విడివిడిగా కనిపిస్తుంది. తెలుగు బోర్డులు లేని ఊళ్ళలో పెరిగే పిల్లలు అదే సరైన రూపమనుకునే ప్రమాదం ఉంది. మా దిగులల్లా అదే. పేర్పు తప్పితే ఇంకా పెద్ద చిక్కులూ వస్తాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక వరుసలో వచ్చినప్పుడు ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దాన్ని సరిచేసింది.

పాత రకం ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు బొమ్మలు తగిలించేవారు. ఒక ఊళ్ళో తయారుచేసిన ప్రశ్నపత్రం, ఆ ఫాంట్ లేని మరో ఊరి కంప్యూటర్‌లో ఇంగ్లీషు గజిబిజిగా తెరుచుకునేది. బదిలీ అయినప్పుడల్లా పుస్తకాలతోపాటు ఫాంట్‌నూ పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్ళేవాళ్ళం. యూనికోడ్‌తో ఆ బాధ తప్పింది.

ఇంకొక్క విషయం. ‘రాజ్‌కుమార్’ అని రాయబోతే ‘రాజ్కుమార్’ అని వస్తోందా? పొల్లు తర్వాత, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పెట్టాలి. చాలా తెలుగు కీబోర్డుల్లో అది ఉంటుంది.

అభ్యాసం: మీ పేరు తెలుగులో టైపు చేసి, కంప్యూటర్ లెక్కలో ఎన్ని ముక్కలో చెప్పండి. ‘లక్ష్మి’ అయితే ఏడు.