యౌవనస్థులతో ప్రవక్తల్ని చదవాలంటే

యౌవనస్థుల కూడికలు నడిపే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఏళ్ల తరబడి పిల్లలతో ప్రవక్తల గ్రంథాలు చదివి నేర్చుకున్నవి చెబుతున్నాను.

1. ఒక్క పిలుపుతో సరిపెట్టకండి. దేవుడు అడగగానే యెషయా ముందుకొచ్చాడు. యిర్మీయా తాను చిన్నవాడినని వెనకాడాడు. యోనా యొప్పేకు వెళ్లి తర్షీషు ఓడెక్కాడు. ముగ్గురినీ పక్కపక్కనే చదివించండి. తటపటాయించే పిల్లలకు తమనూ దేవుడు పిలుస్తాడని ధైర్యం వస్తుంది.

2. సమర్పణను ఆరాధనతో ఆపకండి. ఆమోసు తెకోవ ఊరి పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. పండుగలు ఘనంగా చేస్తూనే దొంగ త్రాసులతో పేదల్ని దోచేవాళ్లను నిలదీశాడు. అది చదివిన రోజే అడగండి: మన ఇంట్లో పనిచేసే అమ్మకు జీతం వేళకు ఇస్తున్నామా? కులం చూసి ఎవరినైనా దూరం పెడుతున్నామా?

3. ప్రశ్న అడిగితే నోరు మూయించకండి. ‘అంత ప్రార్థన చేశాం, నాన్న జబ్బు ఎందుకు తగ్గలేదు?’ అని పిల్లవాడు అడిగితే హబక్కూకు తెరవండి. అన్యాయం చూస్తూ ఎందుకు ఊరుకున్నావని ఆయన దేవుణ్నే అడిగాడు. మూడు అధ్యాయాల ఆ గ్రంథం, పంట పోయినా దేవునిలోనే ఆనందిస్తాననే ప్రార్థనతో ముగుస్తుంది. మధ్యలో దాటవేయకుండా మూడూ చదవండి.

4. యిర్మీయా 32వ అధ్యాయానికి ఒక కూడిక మొత్తం కేటాయించండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. యిర్మీయా ఖైదులో ఉన్నాడు. అప్పుడు అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, దస్తావేజులు మట్టికుండలో భద్రం చేయించాడు. శత్రువు చేతిలో ఉన్న నేలకు ఎవరైనా డబ్బు కడతారా? ఆ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని దేవుడు చెప్పాడు కాబట్టి ఆయన కట్టాడు. రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో తెలిసిన మన పిల్లలకు విశ్వాసం ఇక్కడ ఇట్టే అర్థమవుతుంది.

5. తీర్మానం తర్వాత కూడా వెంట ఉండండి. యెహోయాకీము రాజు యిర్మీయా మాటలున్న గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపట్లో వేశాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, ఆయన లేఖికుడు బారూకు మళ్లీ రాశాడు, ఇంకొన్ని మాటలు చేర్చి మరీ రాశాడు. క్యాంపు చివరి రాత్రి కన్నీళ్లతో చేయెత్తిన పిల్ల కాలేజీకి వెళ్లాక చల్లబడితే నిందించకండి. ఇంటికి వెళ్లి పలకరించి, ఆపిన అధ్యాయం నుంచే కలిసి చదవడం మొదలుపెట్టండి.