‘ఛార్జ్’ ఒక్కటే... ప్రశ్నలు ఎన్నో!

పోటీ పరీక్షల ఇంగ్లిష్ కోసం సినానిమ్స్ జాబితాలు బట్టీ పడుతున్నవారికి ఒక మాట. నోట్‌బుక్‌లో ‘ఛార్జ్’ అని రాసి, ఎదురుగా ‘ఫీ, అక్యూజ్, అటాక్, డ్యూటీ’ అని రాసుకుంటే ఫలితం తక్కువ. ఈ నాలుగూ ఒకదానికొకటి సమానార్థకాలు కావు. ఫీజుకూ దాడికీ సంబంధమేముంది? వాక్యం చూస్తేగానీ జవాబు తేలదు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. అక్కడ జాబితాను నమ్ముకుని గురి చూడకుండా గుర్తు పెడితే నష్టమే.

నిజానికి ఈ పదానికున్న ముఖ్యమైన అర్థాలు తెలుగువారికి ముందే తెలుసు. దినపత్రిక తిరగేయండి. బస్సు ఛార్జీలు పెరిగాయి. ఆందోళనకారులపై పోలీసులు లాఠీఛార్జ్ చేశారు. కేసులో ఛార్జిషీట్ దాఖలైంది. కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకున్నారు. ఆ వార్త చదువుతుండగానే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది. డబ్బు, దాడి, అభియోగం, బాధ్యత, విద్యుత్తు... ఐదూ మన నోట నిత్యం నానుతున్నవే. తెలుగు మీడియంలో చదివామని వెనకడుగు వేసే పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు.

ఇన్ని అర్థాలకూ మూలం ఒక బండి. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దానికి సరుకు ఎత్తడమనే క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘ఛార్జ్’ అయింది. ‘కార్గో’ కూడా ఆ కుటుంబానిదే. బరువు ఎత్తడమే అసలు అర్థమని పట్టుకుంటే మిగిలినవి వాటంతటవే అందుతాయి. ఉద్యోగి భుజాన పెట్టిన బాధ్యత, నిందితుడిపై మోపిన నేరం, కొనుగోలుదారుపై పడిన ఖర్చు అన్నీ బరువులే. ఆ బరువు దించితే ‘డిశ్చార్జ్’.

ఇక తేడాలు. బస్సు టికెట్ డబ్బును మనం ఛార్జీ అంటాం గానీ ఇంగ్లిష్‌లో అది ‘ఫేర్’. డాక్టరుకో లాయరుకో ఇచ్చేది ‘ఫీ’. రహదారి మీద కట్టేది ‘టోల్’. తప్పు చేసినందుకు కట్టేది ‘ఫైన్’. ఇంటర్వ్యూలో ‘బస్ ఛార్జ్’ అనే బదులు ‘బస్ ఫేర్’ అనండి.

అసలు చిక్కు ప్రిపొజిషన్లలో ఉంది. ‘అక్యూజ్’ తర్వాత ‘ఆఫ్’ వస్తుంది, ‘ఛార్జ్’ తర్వాత ‘విత్’. ‘అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్’, ‘ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్’. ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ రెంటినీ తారుమారు చేసి అడగవచ్చు. అర్థంలోనూ తేడా ఉంది. ఎవరైనా ఎవరినైనా అక్యూజ్ చేయవచ్చు. ఛార్జ్ అన్నది చట్టపరమైన అడుగు. లా అభ్యర్థులు మరో మెట్టు ఎక్కాలి: ఛార్జిషీట్ వేసేది పోలీసులు, ఛార్జ్ ఫ్రేమ్ చేసేది కోర్టు. అభియోగం మోపడానికి తగిన ఆధారం లేదని కోర్టు వదిలేస్తే ‘డిశ్చార్జ్’, విచారణ ముగిశాక నిర్దోషిగా తేలిస్తే ‘అక్విటల్’.

ఇంకో జత చూడండి. ‘ద నర్స్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే బిడ్డను నర్సు చూసుకుంటోంది. ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద నర్స్’ అన్నా అదే సంగతి. కానీ రెండో వాక్యంలో ‘ఛార్జ్’కు ముందున్న ‘ద’ తీసేస్తే నర్సు బాగోగులు బిడ్డ చూస్తున్నట్టు అవుతుంది! రెజ్యూమెలో కాలేజీ ఫెస్ట్ గురించి ‘ఇన్‌ఛార్జ్ ఫర్ ఫెస్ట్’ అని రాసుకునేవారు కూడా ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అని సరిచేసుకోవాలి. అంతకంటే మేలు, ఏ పని చేశారో చెప్పే క్రియ వాడటం: ‘ఆర్గనైజ్డ్’, ‘లెడ్’, ‘మేనేజ్డ్’.

బ్యాంకు ఉద్యోగాలకు, సీఏ, సీఎస్‌లకు చదివేవారికి పత్రికల్లో అంతగా కనిపించని ఆరో అర్థం అవసరం. అప్పుకు హామీగా ఆస్తిపై రుణదాతకు ఏర్పడే హక్కు కూడా ‘ఛార్జ్’. బంగారం బ్యాంకు చేతికిచ్చి తీసుకునే రుణంలో అది ‘ప్లెడ్జ్’. వాహనం మన దగ్గరే ఉంచుకుని తీసుకునే రుణంలో ‘హైపోథికేషన్’. ఇల్లో స్థలమో పెడితే ‘మార్ట్‌గేజ్’. కంపెనీ తన ఆస్తులపై ఛార్జ్ సృష్టిస్తే, 2013 కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించాలి. ఇంటర్వ్యూ బోర్డు ‘వాట్ ఈజ్ ఎ ఛార్జ్?’ అని అడిగితే సర్వీస్ ఛార్జీల గురించి మొదలుపెట్టకండి.

చదివే పద్ధతి కూడా దీన్నిబట్టే మార్చుకోండి. పదానికి ఒక పేజీ కేటాయించండి. ఒక్కో అర్థానికి మీరు చదువుతున్న రంగం నుంచి ఒక సొంత వాక్యం రాయండి, పక్కన వచ్చే ప్రిపొజిషన్ కింద గీత గీయండి, ఆ వాక్యంలో సరిగ్గా ఇమిడే సినానిమ్ ఒక్కటే రాయండి. ‘ఛార్జ్’ అయ్యాక ‘ఇష్యూ’ తీసుకోండి: పాస్‌బుక్ ఇష్యూ చేస్తారు, షేర్ల ఇష్యూ వస్తుంది, పత్రిక తాజా ఇష్యూ ఉంటుంది, ఆఫీసులో ఇష్యూ తలెత్తుతుంది. ఆ తర్వాత ‘బిల్’, ‘అడ్రస్’, ‘నోట్’.