ఎండలోంచి కరెంటు

మన డాబా మీది సోలార్ ప్లేటులో నల్ల బిళ్ళలున్నాయి చూశారా? ఒక్కో బిళ్ళ ఒక సెల్. సిలికాన్‌తో చేస్తారు. దాని మీద వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లు కదులుతాయి, అదే కరెంటు. వెలుగుకి ఈ గుణం ఉందని 1839లో ఫ్రాన్సులో బెకరెల్ కనిపెట్టాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వాళ్ళు చేసిన సిలికాన్ సెల్ వెలుగులో నూటికి 6 వంతులే కరెంటుగా మార్చింది. ఇప్పటివి 20కి పైగా కూడా మారుస్తున్నాయి.

ఒక్క సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టే. అందుకే 12 వోల్టుల బ్యాటరీ నింపడానికి 36 సెల్స్ వరసగా కలుపుతారు. నేను డాబా ఎక్కి లెక్కపెట్టాను, సరిగ్గా 36! వరస కాబట్టి ఒక్కదాని మీద చెట్టు నీడ పడ్డా మిగతావాటి కరెంటూ తగ్గిపోద్ది. మెస్ లైనులో ముందున్నోడు కదలకపోతే వెనకోళ్ళకి అన్నం అందనట్టే.

అసలు చిక్కు బ్యాటరీదే. ఎండ పగలు, మన స్టడీ అవరు రాత్రి. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ నిండదు. ఖాళీగా వదిలేస్తే లోపలి సీసం ప్లేట్లకి సల్ఫేటు గట్టిగా పట్టేసి పాడవుతుంది. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు పనికిరావు. ప్లేటు అందరికీ కనపడుతుంది, ఈ నీళ్ళ సంగతి ఎవరికీ పట్టదు! వార్డెన్ సార్‌కి మనవి: ముసురు రోజుల్లో వరండా లైట్లు ఆపించి, చదువుకునే హాల్లోవి మాత్రం ఉంచండి. డాబా తుడిచే వంతు మా గదికి ఇవ్వండి.